ఎనిమిది కోర్లు, ఒక్క బ్రష్షు

కొత్త ఫోన్ కొనడానికి పోతే షాపులో అన్న మొదట చెప్పేది కెమెరా గురించి, రెండోది ప్రాసెసర్ గురించి. "ఆక్టా కోర్ బ్రో, మస్తు ఫాస్ట్!" అంటాడు. మనం కూడా తల ఊపేస్తాం. ఎనిమిది కోర్లు అంటే ఎనిమిది బుర్రలు కదా, ఎనిమిది రెట్లు వేగం ఉంటుందని మనసులో లెక్క వేసుకుంటాం.

ఆ లెక్క తప్పు. ఎనిమిది కోర్లు పెట్టినా చాలా ప్రోగ్రాములు మూడు, నాలుగు రెట్ల దగ్గరే ఆగిపోతాయి. కొన్నయితే అసలు పెరగవు. ఇంకొన్ని ప్రోగ్రాములు కోర్లు పెంచితే ఇంకా నెమ్మదిస్తాయి! ఇది ప్రాసెసర్ కంపెనీ మోసం కాదు. చాలామంది కలిసి ఒక పని చేసినప్పుడు ఎక్కడైనా జరిగేదే.

ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో షెడ్యూలింగ్, మ్యూటెక్స్, డెడ్‌లాక్, క్యాష్ కొహెరెన్స్ అని వేర్వేరు యూనిట్లలో చదువుకుంటాం. ఎగ్జామ్ ముందు రోజు డెఫినిషన్లు బట్టీ కొడతాం, రాసేస్తాం, మర్చిపోతాం. కానీ ఈ మాటలన్నీ ఒకే ప్రశ్నకి జవాబులు. ఆ ప్రశ్న ఇది: కలిసి పనిచేసేవాళ్ళు ఒకరి కోసం ఒకరు ఎదురుచూసే టైమ్‌ని ఎట్లా తగ్గించాలి?

దీన్ని నేను మా ఏరియా ఉదాహరణతో చెప్తాను. మాది ధూల్‌పేట్.

ముందు మా గల్లీ గురించి

హైదరాబాద్‌లో ధూల్‌పేట్ పేరు చెప్తే ఎవరికైనా గుర్తొచ్చేది గణపతి విగ్రహాలు. సంక్రాంతికి పతంగులు, రాఖీ పౌర్ణమికి రాఖీలు, చవితికి విగ్రహాలు. మా దగ్గర క్యాలెండర్ ఇట్లనే తిరుగుతుంది. ఉత్తరాది నుంచి తరాల కింద వచ్చి స్థిరపడిన లోధీ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. గల్లీలో సగం మాట హిందీ, సగం తెలుగు.

పెద్ద విగ్రహం ఒక్కరు చేసేది కాదు. అచ్చులో పీఓపీ, కొబ్బరి పీచు వేసి ముక్కలు తీసేవాళ్ళు కొందరు. ఆ ముక్కలను కర్రల ఆసరాతో అతికించేవాళ్ళు ఇంకొందరు. తర్వాత శాండ్ పేపర్ కొట్టాలి, తెల్ల రంగు వేయాలి, కంప్రెసర్ పెట్టి స్ప్రే గన్‌తో రంగులు కొట్టాలి, నగలు, అంచులు సన్న బ్రష్షుతో దిద్దాలి. చివరికి కళ్ళు. కళ్ళు దిద్దే పని అందరికీ ఇవ్వరు. చెయ్యి తిరిగిన ఉస్తాద్ చేయాల్సిందే. కళ్ళు కుదరకపోతే మిగతా విగ్రహం ఎంత బాగున్నా కొనేవాళ్ళు ముందుకు పోతారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. చవితి వాయిదా పడదు. పండుగ దాటితే మిగిలిన విగ్రహం ఇంకో ఏడాది షెడ్డులోనే ఉంటుంది, దాని మీద పెట్టిన డబ్బు కూడా దానితోపాటే ఉంటుంది. కాబట్టి ఎవరు ఎవరి కోసం ఎంతసేపు ఆగుతున్నారు అన్నది మా దగ్గర థియరీ ప్రశ్న కాదు.

ఇప్పుడు ఒక కార్ఖానాని ప్రాసెసర్ అనుకోండి. ఒక్కో పనివాడు ఒక కోర్.

అసలు ఇంతమంది ఎందుకు?

ఒకప్పుడు ప్రాసెసర్‌లో ఒకే కోర్ ఉండేది. కంప్యూటర్ వేగం పెంచాలంటే ఆ ఒక్కడినే ఇంకా వేగంగా పరిగెత్తించేవాళ్ళు. అంటే క్లాక్ స్పీడ్ పెంచేవాళ్ళు. ప్రోగ్రామర్లకి ఇది మహా సుఖం. పాత కోడ్ ముట్టుకోకుండానే కొత్త చిప్ మీద వేగంగా నడిచేది.

ఆ సుఖం వేడి దగ్గర ఆగిపోయింది. చిప్ ఖర్చుపెట్టే పవర్ క్లాక్ స్పీడ్‌తో పాటు వోల్టేజ్ వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. స్పీడ్ పెంచాలంటే మామూలుగా వోల్టేజ్ కూడా పెంచాలి. కాబట్టి కొంచెం వేగం కోసం చాలా వేడి భరించాలి. పెంటియమ్ 4 సిరీస్ 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగింది. దాని తర్వాత రావాల్సిన టేజస్ అనే చిప్‌ని ఇంటెల్ 2004 మే నెలలో రద్దు చేసి, రెండు కోర్ల వైపు మళ్ళింది. ఐబీఎం అప్పటికే 2001లో పవర్4 అనే రెండు కోర్ల చిప్ తెచ్చింది. 2005లో ఇంటెల్, ఏఎండీ రెండూ మామూలు జనం కొనే కంప్యూటర్లలోకి రెండు కోర్ల చిప్‌లు తెచ్చాయి. ఇరవై ఏళ్ళు గడిచినా, ఇప్పటి ఖరీదైన చిప్‌లు కూడా 6 గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతున్నాయి. పెరిగింది కోర్ల సంఖ్య.

మా భాషలో చెప్పాలంటే, ఒక్క ఉస్తాద్‌ని 24 గంటలు పనిచేయిస్తే జ్వరం వస్తుంది. అందుకని పక్కన ఇంకా మనుషుల్ని పెట్టుకున్నారు. కానీ ఆ రోజు నుంచి పని పంచే బాధ్యత హార్డ్‌వేర్ మీద నుంచి సాఫ్ట్‌వేర్ మీదకి వచ్చి పడింది. అంటే మన మీదకి.

కళ్ళు దిద్దే ఉస్తాద్ లెక్క

ఒక పెద్ద విగ్రహానికి మొత్తం 100 గంటల పని ఉందనుకుందాం. అందులో 90 గంటల పని ఎంతమందికైనా పంచవచ్చు. మిగతా 10 గంటలు ముఖం, కళ్ళు. అది ఉస్తాద్ ఒక్కడే చేయాలి, అదీ మిగతాది అయ్యాకే.

నలుగురు ఉంటే: 90 గంటలు నలుగురికి పంచితే 22.5 గంటలు, ప్లస్ 10. మొత్తం 32.5 గంటలు. వేగం సుమారు 3.1 రెట్లు.

ఎనిమిది మంది ఉంటే: 11.25 ప్లస్ 10, మొత్తం 21.25 గంటలు. వేగం 4.7 రెట్లు.

పదహారు మంది ఉంటే: 5.6 ప్లస్ 10, మొత్తం 15.6 గంటలు. వేగం 6.4 రెట్లు.

ధూల్‌పేట్ మొత్తాన్ని తీసుకొచ్చి పెట్టినా ఆ 10 గంటలు తగ్గవు. అంటే ఎప్పటికీ 10 రెట్లు దాటదు. నూటికి పది వంతుల పని మాత్రమే ఒక్కడి చేతిలో ఉంది, అయినా మొత్తం కార్ఖానా హద్దు అదే నిర్ణయించింది.

దీన్నే ఆమ్‌డాల్ సూత్రం అంటారు. జీన్ ఆమ్‌డాల్ 1967లో ఈ వాదన పెట్టాడు. మనం ఎగ్జామ్‌లో ఫార్ములా రాసి వదిలేస్తాం కానీ దాని అసలు సలహా ఇది: కోర్లు పెంచే ముందు ఆ 10 గంటల ముక్క ఎక్కడుందో వెతుకు. దాన్ని 5 గంటలు చేయగలిగితే హద్దు 10 నుంచి 20 రెట్లకి పోతుంది. కొత్త మనుషుల్ని పెట్టుకోవడం కన్నా అదే లాభం.

ఎవరికి ఏ పని?

పని పంచే మేస్త్రీ పేరు షెడ్యూలర్. ఇది ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉంటుంది. పాత లినక్స్‌లో చేయాల్సిన పనులన్నీ ఒకే లైన్లో ఉండేవి. ప్రతి కోర్ అక్కడికే వచ్చి తీసుకోవాలి. ఇద్దరు ముగ్గురు ఉంటే పర్వాలేదు, ముప్పై మంది ఉంటే ఆ లైన్ దగ్గరే తోపులాట. 2003 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 2.6 నుంచి ప్రతి కోర్‌కి సొంత లైన్ ఇచ్చారు. ఎవరి పని వాళ్ళ ముందే ఉంటుంది. మరి ఒకడి దగ్గర పని కుప్పపడి ఇంకొకడు ఖాళీగా ఉంటే? అప్పుడప్పుడూ చూసి, ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకి మార్చాలి. దీన్ని లోడ్ బ్యాలెన్సింగ్ అంటారు.

కానీ ఊరికే మార్చకూడదు. సగం రంగు కొట్టిన విగ్రహాన్ని ఇంకొకడికి ఇస్తే వాడు ఏ రంగు ఎక్కడి దాకా వచ్చిందో మళ్ళీ చూసుకోవాలి. అట్లనే ఒక థ్రెడ్‌ని వేరే కోర్‌కి మారిస్తే, పాత కోర్ క్యాష్‌లో ఉన్న డేటా అక్కడే ఉండిపోతుంది, కొత్త కోర్ మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకోవాలి. ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు వదిలేయాలి అన్నదే షెడ్యూలర్ తెలివి.

ఫోన్లలో ఇంకొక మెలిక ఉంది. మన ఆక్టా కోర్‌లో ఎనిమిదీ ఒకే రకం కావడం అరుదు. 2011లో ఏఆర్ఎమ్ కంపెనీ బిగ్ లిటిల్ అనే పద్ధతి ప్రకటించింది. కొన్ని కోర్లు బలమైనవి, బ్యాటరీ బాగా తాగుతాయి. కొన్ని చిన్నవి, నిదానం, కానీ పొదుపు. వాట్సాప్ నోటిఫికేషన్‌కి పెద్ద కోర్‌ని లేపడం అంటే శాండ్ పేపర్ కొట్టడానికి ఉస్తాద్‌ని పిలవడమే. ఏ పని ఏ కోర్ మీద పెడితే ఎంత కరెంట్ ఖర్చవుతుందో అంచనా వేసి పంచే పద్ధతి 2019లో లినక్స్ 5.0తో మెయిన్ కెర్నెల్‌లోకి వచ్చింది. కాబట్టి "ఆక్టా" అన్న మాట విని ఎనిమిది సమానమైన కోర్లు అనుకోకండి.

ఒకే విగ్రహం, ఇద్దరు కొన్నవాళ్ళు

కార్ఖానా ముందు ఆర్డర్ల బుక్కు ఉంది. అందులో "మిగిలినవి: 40" అని రాసి ఉంది. ఇద్దరు పిల్లగాళ్ళు రెండు కమిటీలతో ఒకేసారి బేరం కుదుర్చుకున్నారు. మొదటివాడు బుక్కు చూశాడు, 40. రెండోవాడు కూడా చూశాడు, 40. ఇద్దరూ మనసులో ఒకటి తీసేశారు. మొదటివాడు 39 అని రాశాడు. రెండోవాడు దాని మీదే మళ్ళీ 39 అని రాశాడు. అమ్మింది రెండు, తగ్గింది ఒకటి. పండుగ ముందు రోజు రాత్రి వరంగల్ నుంచి డీసీఎం వేసుకొని వచ్చినవాళ్ళకి విగ్రహం ఉండదు. అప్పుడు జరిగే లొల్లి మీరే ఊహించుకోండి.

ఇదే రేస్ కండిషన్. సీ భాషలో "కౌంట్ మైనస్ మైనస్" అని ఒక్క లైన్ రాస్తాం. మనకి ఒక్క పనిలాగే కనిపిస్తుంది. ప్రాసెసర్‌కి మాత్రం అది మూడు పనులు: మెమరీ నుంచి చదువు, ఒకటి తీసేయి, తిరిగి రాయి. ఆ మూడింటి మధ్యలో ఇంకో కోర్ దూరవచ్చు.

ఇందులో భయపెట్టేది ఏంటంటే ఇది రోజూ జరగదు. ఇద్దరూ సరిగ్గా ఒకే క్షణంలో బుక్కు తెరిస్తేనే జరుగుతుంది. టెస్టింగ్‌లో వెయ్యిసార్లు నడిపినా పట్టుబడకపోవచ్చు. థెరాక్ 25 అనే రేడియేషన్ మెషిన్ కథ అందుకే ప్రతి కంప్యూటర్ స్టూడెంట్ తెలుసుకోవాలి. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాలో ఆ మెషిన్ ఆరుగురు క్యాన్సర్ పేషెంట్లకి ఇవ్వాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది. కనీసం ముగ్గురు చనిపోయారు. కారణాల్లో ఒకటి రేస్ కండిషన్. ఆపరేటర్ తప్పు ఎంట్రీని చాలా త్వరగా సరిచేస్తే, మెషిన్‌ని సెట్ చేస్తున్న ఇంకో టాస్క్ ఆ మార్పుని చూసేది కాదు. ఆపరేటర్లకి చెయ్యి తిరిగి టైపింగ్ వేగం పెరిగాకే ఆ తప్పు బయటపడింది. పాత మోడళ్ళలో ఇలాంటివి ఆపడానికి హార్డ్‌వేర్ అడ్డు ఉండేది. ఇందులో దాన్ని తీసేసి సాఫ్ట్‌వేర్‌ని నమ్మారు.

దీనికి మందు లాక్. బుక్కుకి ఒకే పెన్ను దారంతో కట్టేసి, పెన్ను చేతిలో ఉన్నవాడే బుక్కు చూడాలి, రాయాలి అని రూల్ పెట్టడం. దాన్నే మ్యూటెక్స్ అంటాం. చూడటానికి కూడా పెన్ను పట్టుకోవాలి, అది గుర్తుంచుకోండి. రాసేటప్పుడు మాత్రమే లాక్ వేసి చదివేటప్పుడు వదిలేస్తే పై కథే మళ్ళీ జరుగుతుంది.

పెద్ద తాళం, చిన్న తాళాలు

లాక్ దొరికింది కదా అని మొత్తం కార్ఖానాకి ఒకే తాళం పెడితే? లోపల ఒక్కడు పనిచేస్తుంటే మిగతావాళ్ళు బయట చాయ్ తాగుతుంటారు. తప్పులు జరగవు. కానీ ఎనిమిది మందికి జీతం ఇచ్చి ఒక్కడి పని చేయించుకున్నట్టు.

ఇది నిజంగా జరిగింది. 1996లో లినక్స్ 2.0 ఒకటికన్నా ఎక్కువ ప్రాసెసర్లకి సపోర్ట్ ఇచ్చినప్పుడు, కెర్నెల్ మొత్తానికి ఒకే తాళం వేశారు. దాని పేరే బిగ్ కెర్నెల్ లాక్. ఆ రోజుకి అది సరైన నిర్ణయమే, ఎందుకంటే ముందు సిస్టమ్ తప్పుల్లేకుండా నడవాలి. తర్వాత దాన్ని ఒక్కో భాగం నుంచి తీసేస్తూ చిన్న చిన్న తాళాలు పెట్టుకుంటూ వచ్చారు. పూర్తిగా తీసేసింది 2011లో, 2.6.39 వెర్షన్‌లో. పదిహేనేళ్ళు! ఎందుకంటే ఏ తాళం వెనక ఏ కోడ్ దాక్కొని బతుకుతుందో ఎవరికీ పూర్తిగా తెలియదు.

పైథాన్ వాడేవాళ్ళకి ఈ కథ తెలిసినదే. మామూలు పైథాన్‌లో జీఐఎల్ అనే పెద్ద తాళం ఉంటుంది. ఎన్ని థ్రెడ్లు పెట్టినా ఒక్కసారి ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడ్ నడుపుతుంది. 2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13లో ఆ తాళం లేని వెర్షన్‌ని ప్రయోగంగా ఇచ్చారు. కాబట్టి మామూలు పైథాన్‌లో నాలుగు థ్రెడ్లు పెట్టి, లెక్కలు నాలుగు రెట్ల వేగంతో అవ్వలేదని ల్యాప్‌టాప్‌ని తిట్టకండి.

నిచ్చెన నీ దగ్గర, గన్ నా దగ్గర

తాళాలు చిన్నవి చేస్తే కొత్త సమస్య. పెద్ద విగ్రహం కిరీటానికి రంగు కొట్టాలంటే నిచ్చెన కావాలి, స్ప్రే గన్ కావాలి. ఒకడు నిచ్చెన పట్టుకొని గన్ కోసం ఆగాడు. ఇంకొకడు గన్ పట్టుకొని నిచ్చెన కోసం ఆగాడు. ఇద్దరూ మర్యాదస్తులే, ఎవరూ గుంజుకోరు. తెల్లారే దాకా అట్లనే నిలబడతారు. ఇది డెడ్‌లాక్.

పుస్తకంలో దీనికి నాలుగు షరతులు ఉంటాయి. వస్తువు ఒక్కసారి ఒక్కరి దగ్గరే ఉండాలి, ఒకటి పట్టుకొని ఇంకోదాని కోసం ఆగాలి, గుంజుకోవడం కుదరకూడదు, ఆగడం ఒక చక్రంలా తిరగాలి. నాలుగూ కలిస్తేనే డెడ్‌లాక్. అంటే నాలుగింట్లో ఏ ఒక్కటి తెంపినా చాలు. అన్నిటికన్నా తేలిక చివరిది. "ముందు నిచ్చెన, తర్వాతే గన్" అని అందరికీ ఒకే వరుస పెట్టండి. నిచ్చెన లేనివాడు గన్ ముట్టుకోడు, చక్రం ఏర్పడదు. లినక్స్ కెర్నెల్ రాసేవాళ్ళు పాటించే పద్ధతి కూడా ఇదే, ఏ తాళం తర్వాత ఏ తాళం అన్న వరుస.

ప్రతి ఒక్కడి జేబులో ఒక చీటీ

ఇప్పటిదాకా చెప్పింది సాఫ్ట్‌వేర్ సంగతి. హార్డ్‌వేర్ లోపల కూడా ఇదే తంటా ఉంది.

రంగుల వివరాలన్నీ సేఠ్ దగ్గరున్న పెద్ద రిజిస్టర్‌లో ఉంటాయి. ప్రతిసారీ అక్కడికి నడిచిపోతే టైమ్ వేస్ట్ కాబట్టి ప్రతి పనివాడూ తనకి కావాల్సింది చీటీ మీద రాసుకొని జేబులో పెట్టుకుంటాడు. ఆ చీటీయే క్యాష్. కోర్‌కి దగ్గరగా ఉన్న క్యాష్ నుంచి డేటా రావడానికి నాలుగైదు క్లాక్ సైకిళ్ళు చాలు. మెయిన్ మెమరీ దాకా పోతే వందల్లో పడుతుంది.

ఇప్పుడు ఒకడు 12వ నంబర్ విగ్రహం ధోతీ రంగుని పసుపు నుంచి ఎరుపుకి మార్చాడు. మిగతావాళ్ళ జేబుల్లో ఇంకా పసుపే ఉంది. కాబట్టి మార్చే ముందు "12వ నంబర్ చీటీలు చింపేయండి" అని అరవాలి. చీటీ చింపినవాడికి మళ్ళీ అవసరమైతే కొత్తది రాసుకుంటాడు. ప్రాసెసర్‌లో ఈ అరుపులన్నీ హార్డ్‌వేరే చేస్తుంది. మెసీ అనే పద్ధతిలో ప్రతి చీటీకి నాలుగు స్థితులు: నేను మార్చాను, నా ఒక్కడి దగ్గరే ఉంది, చాలామంది దగ్గర ఉంది, ఇది చెల్లదు.

ఇందులో ఒక తమాషా ఉంది. చీటీ మీద ఒక్క మాట రాసుకోరు, పేజీ మొత్తం కాపీ చేసుకుంటారు. ఇప్పటి చాలా ప్రాసెసర్లలో ఆ పేజీ సైజు 64 బైట్లు, దాన్ని క్యాష్ లైన్ అంటారు. నీ లెక్క పేజీ పైన ఉంది, నా లెక్క అదే పేజీ కింద ఉంది. మన లెక్కలకి సంబంధమే లేదు. అయినా నువ్వు రాసినప్పుడల్లా నా పేజీ చిరిగిపోతుంది, నేను రాసినప్పుడల్లా నీది. ఇద్దరం రోజంతా పేజీలు కాపీ చేసుకుంటూనే ఉంటాం. దీన్ని ఫాల్స్ షేరింగ్ అంటారు. కోడ్‌లో ఏ తప్పూ కనిపించదు, ఆన్సర్ కరెక్టే వస్తుంది, కానీ కోర్లు పెంచేకొద్దీ ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది. మొదట్లో చెప్పిన వింతకి ఇదొక కారణం. ఇద్దరికీ వేరే పేజీలు ఇవ్వడమే దీనికి మందు.

కంచన్‌బాగ్‌లో వేరే దారి

అసలు ఉమ్మడి బుక్కే లేకపోతే? ఈ ప్రశ్నకి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. మా ధూల్‌పేట్ నుంచి మూసీ దాటి ఆగ్నేయం వైపు పోతే కంచన్‌బాగ్ వస్తుంది. అక్కడ డీఆర్‌డీవో 1988లో అనురాగ్ అనే ల్యాబ్ పెట్టింది. దాని పెద్ద పనుల్లో ఒకటి పేస్ అనే పారలల్ కంప్యూటర్. విమానం చుట్టూ గాలి ఎట్లా ప్రవహిస్తుందో లెక్కకట్టడానికి దాన్ని తయారుచేశారు.

ఆ కాలం కూడా గుర్తు చేసుకోవాలి. విదేశీ సూపర్ కంప్యూటర్లు మనకి సులభంగా ఇచ్చేవాళ్ళు కాదు. అందుకే బెంగళూరులో నేషనల్ ఏరోనాటికల్ ల్యాబొరేటరీ ఫ్లోసాల్వర్ అని, పుణేలో సీడాక్ 1991లో పరమ్ 8000 అని, ఎవరికి వాళ్ళు సొంత మెషిన్లు కట్టుకున్నారు. అందరి ఆలోచన ఒకటే. ఒక్క మహా ప్రాసెసర్ దొరకదు, మామూలు ప్రాసెసర్లు చాలా పెట్టి కలిసి పనిచేయిద్దాం. పేస్‌లో మోటరోలా 68020 ప్రాసెసర్లు వాడారు, 128 నోడ్ల దాకా తీసుకెళ్ళారు.

ఈ మెషిన్‌లో ప్రతి నోడ్‌కి సొంత మెమరీ. ఎవరి బుక్కు వాళ్ళదే. ఇంకొకరిది కావాలంటే మెసేజ్ పంపి అడగాలి. గాలి లెక్కలకి ఇది బాగా నప్పుతుంది. విమానం చుట్టూ ఉన్న గాలిని చిన్న చిన్న డబ్బాలుగా కోసి ఒక్కో నోడ్‌కి ఒక్కో ముక్క ఇస్తారు. ముక్క లోపలి లెక్క ఎవరినీ అడగకుండా చేసుకోవచ్చు. అంచుల దగ్గర మాత్రం పక్కవాడి విలువలు కావాలి.

మరి ఎన్ని ముక్కలు చేయాలి? పొడవు, వెడల్పు, ఎత్తు 10 డబ్బాలు ఉన్న ముక్క తీసుకోండి. లోపల 1000 డబ్బాల లెక్క, ఆరు వైపులా కలిపి 600 అంచు విలువల మాట. అంటే 10 లెక్కలకి 6 మాటలు. దాన్నే ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కోటి 5 డబ్బాల సైజు. లోపల 125 లెక్క, అంచుల్లో 150 మాట. అంటే 10 లెక్కలకి 12 మాటలు! ముక్క చిన్నదయ్యేకొద్దీ పని తగ్గినంతగా మాట తగ్గదు. ఒక దశ దాటాక నోడ్లు పెంచితే లెక్కకన్నా ముచ్చట ఎక్కువ అవుతుంది.

ఇప్పటి సూపర్ కంప్యూటర్లకి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. మా దగ్గరా అంతే. ఒక విగ్రహం మీద నలుగురు చేయి వేయొచ్చు. నలభై మంది పడితే "జర పక్కకి జరుగు" అనడానికే రోజు సరిపోతుంది.

చవితి వాయిదా పడదు

చివరి చిక్కు ప్రయారిటీది. అన్ని పనులకీ ఒకే తొందర ఉండదు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కొద్దిరోజులకే తనంతట తాను రీసెట్ అవ్వడం మొదలుపెట్టింది. అందులో ఉన్నది ఒక్క ప్రాసెసరే, అయినా కలిసి పనిచేసే టాస్కులు చాలా ఉన్నాయి. వాతావరణం డేటా తీసుకునే చిన్న టాస్క్ ఒక తాళం పట్టుకుంది. అదే తాళం కోసం అన్నిటికన్నా ముఖ్యమైన టాస్క్ ఆగింది. ఇంతలో మధ్య రకం టాస్కులు వచ్చి చిన్నదాన్ని పక్కకి నెట్టి నడిచాయి. చిన్నది నడవదు కాబట్టి తాళం వదలదు, తాళం రాదు కాబట్టి ముఖ్యమైనది కదలదు. గడువు దాటిందని చూసి వాచ్‌డాగ్ సిస్టమ్‌ని రీసెట్ చేసేది.

ఇంజనీర్లు భూమ్మీద ఉన్న నకలు మెషిన్ మీద అదే పరిస్థితి తెప్పించి కారణం పట్టుకున్నారు, ఇక్కడి నుంచే మార్పు పంపి సరిచేశారు. మార్పు చిన్నదే. పెద్దవాడు ఆగుతున్న తాళం ఎవరి దగ్గరుందో, తాళం వదిలేదాకా వాడికి పెద్దవాడి ప్రయారిటీ ఇవ్వడం. కళ్ళు దిద్దడానికి ఉస్తాద్ నిచ్చెన కోసం ఆగితే, నిచ్చెన మీద ఉన్న పిల్లగాడిని ఎవరూ చాయ్ తెమ్మని పంపకూడదు. వాడి పని ఆ కాసేపు ఉస్తాద్ పనంత ముఖ్యం.

ఈ వీకెండ్ చేసి చూడండి

చదివి వదిలేయకుండా ఒక చిన్న ప్రయోగం చేయండి. సీ లేదా జావాలో రెండు థ్రెడ్లు పెట్టి, ఒకే కౌంటర్‌ని ఒక్కో థ్రెడ్ 10 లక్షల సార్లు పెంచేలా రాయండి. సీ అయితే కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆపేయండి. 20 లక్షలు రావాలి. తక్కువ వస్తుంది, ప్రతిసారీ వేరే నంబర్ వస్తుంది.

రెండోసారి లాక్ పెట్టండి. ఆన్సర్ సరిగ్గా వస్తుంది, టైమ్ పెరుగుతుంది.

మూడోసారి ప్రతి థ్రెడ్‌కి సొంత లోకల్ కౌంటర్ ఇచ్చి, చివర్లో ఒక్కసారి కలపండి. ఆన్సర్ సరైనదే, వేగం కూడా ఉంటుంది.

మూడు ప్రోగ్రాముల్లోనూ కోర్లు అవే, ల్యాప్‌టాప్ అదే. మారింది ఒక్కటే, రెండు థ్రెడ్లూ పంచుకునే వస్తువు. మొదటి దాంట్లో దాన్ని కాపలా లేకుండా వదిలేశాం. రెండో దాంట్లో కాపలా పెట్టాం. మూడో దాంట్లో పంచుకోవాల్సిన అవసరమే దాదాపు తీసేశాం.

నా లెక్కలో మల్టీ కోర్ పాఠం మొత్తం ఇంతే. ఎంతమంది పనివాళ్ళు ఉన్నారని కాదు, వాళ్ళందరూ ఆగుతున్న ఆ ఒక్క బ్రష్షు ఏది అని అడగాలి. అది దొరికితే ముందు దాన్ని పంచుకోకుండా పని అవుతుందా చూడండి. అవ్వకపోతే దాన్ని పట్టుకునే టైమ్ తగ్గించండి. అదీ కుదరకపోతే అప్పుడు కాపలా పెట్టండి, అందరికీ ఒకే వరుస పెట్టండి. కొత్త కోర్లు కొనడం ఆ తర్వాతి మాట.

ఆగస్టు, సెప్టెంబర్‌లో ఎప్పుడైనా మా వైపు వస్తే ఒక షెడ్డు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. ఎవరు పనిచేస్తున్నారో కాదు, ఎవరు దేని కోసం ఆగుతున్నారో చూడండి. సిలబస్‌లో మూడు యూనిట్లు అక్కడే కనిపిస్తాయి.